ఉలవల రోడ్డు మీద బ్రేకు పరీక్ష

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదైనా ఉంటే, అది ఇంకా పుస్తకాల్లోకి ఎక్కని విషయమై ఉంటుందని నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ని. ఇరవై మూడేళ్ల వయసు, మెకానికల్ ఇంజనీరింగు పట్టా, చొక్కా జేబులో పదిహేను సెంటీమీటర్ల స్టీలు స్కేలు (దాన్ని పెళ్లిళ్లకు కూడా పెట్టుకుని వెళ్లేవాణ్ని), ఈ మూడింటితో లోకంలో కొలవలేనిది ఏముంటుందన్న ధీమా. కుప్పంలో ఒక గది అద్దెకు తీసుకుని, సరిహద్దుకు అవతల తమిళనాడులో కార్ల బ్రేకు భాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి రోజూ కంపెనీ బస్సులో వెళ్లివచ్చేవాణ్ని. పరీక్షల విభాగంలో ట్రెయినీని. గాజు కిటికీ అవతల ఒక యంత్రం బ్రేకును వేలసార్లు నొక్కి వదులుతూ ఉంటే, కిటికీ ఇవతల కూర్చుని కాగితం మీద వచ్చే గీతలు ఉండవలసిన చోటనే ఉన్నాయని సంతకం చేయడం నా పని. ఆ సంతకాన్ని చాలా పెద్దగా పెట్టేవాణ్ని. ఒక చిన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ని కాదు. డ్రైవింగు స్కూలులో నడిపినదీ, లైసెన్సు కోసం ఎనిమిది అంకె తిప్పినదీ, ఒక స్నేహితుణ్ని బతిమాలి అతని కారులో తిరిగినదీ అంతా కలిపితే, అప్పటికి నేను కారు నడిపిన మొత్తం దూరం రెండువందల పన్నెండు కిలోమీటర్లు. (డైరీలో రాసుకున్నాను కనుకనే ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.)

మా పెదనాయన సంగతి వేరు. ఆయన మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి జీపును ముప్పై ఒక్క సంవత్సరాలు నడిపి పదవీ విరమణ చేసిన మనిషి. చుట్టుపక్కల పల్లెల నుంచి రోగులను, ముఖ్యంగా నెలలు నిండిన ఆడవాళ్లను, జీపు వెనక పడుకోబెట్టి తీసుకురావడం ఆయన ఉద్యోగం. వాల్మీకిపురం వైపు గుంతలేమిటో, సోమల వైపు మలుపులేమిటో ఆయన నడుముకు కంఠతా వచ్చు. ఇంజను వేసే ముందు స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకుని, పెదవులు కదలకుండా ప్రార్థన చేసేవారు. (పదకొండు సెకన్లు. నేను చాలాసార్లు గమనించాను.) ఆ పాత జీపు బ్రేకును ఒక్కసారిగా గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి, బండి స్టీరింగు మాట వినకుండా తనకు తోచిన దిక్కుకు జారిపోయేది. అందుకని ఆయన కాలు తొక్కి వదులుతూ, మళ్లీ తొక్కి వదులుతూ, చక్రం ఎక్కడా పూర్తిగా బిగుసుకోకుండా బండిని ఆపడం నేర్చుకుంది. కాలు నేర్చుకుందని ఎందుకంటున్నానంటే, అది ఎలా చేస్తున్నావని అడిగితే ఆయన తన కాలి వైపు చూసి, దానికే తెలియాలన్నట్టు నవ్వేవారు. మరీ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పే సిద్ధాంతం ఒక్కటే: "బ్రేకును బతిమాలాల నాయనా, బెదిరించగూడదు. వెనకాల కడుపులో బిడ్డను పెట్టుకోని పండుకోనుంటారు గదా."

ఆయనకు ఒక్కతే కూతురు, నాకు అక్క వరస. అదే ఆసుపత్రిలో నర్సు. మా అక్క ఆ యేడు తన రాకపోకలకూ, తండ్రి ముచ్చటకూ కలిపి ఒక చిన్న తెల్ల కారు కొంది. దానికి ఏబీఎస్ అనే ఏర్పాటు ఉంది. చక్రం బిగుసుకుపోబోతున్నదని పసిగట్టి, క్షణంలో అనేకసార్లు బ్రేకును తనంతట తానే సడలించి మళ్లీ పట్టే పెట్టె అది. ఆ పెట్టె ఉన్న కారులో మనిషి చేయవలసింది పెడలును గట్టిగా తొక్కి, వదలకుండా పట్టి ఉంచడం. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి గనుక స్టీరింగు తిప్పి అడ్డును తప్పించుకోవడం. మధ్యలో కాలు తీస్తే పెట్టె చేసే పనిని మనిషే చెడగొట్టినట్టు. పెదనాయన కాలికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నవంబరు వానలో ఒకనాడు ఆసుపత్రి గేటు ముందర ఎవడో స్కూటరువాడు అడ్డంగా దూరేసరికి, ఆయన అలవాటు ప్రకారం బ్రేకును బతిమాలారు. కారు ఆగవలసిన చోటు దాటిపోయి కొబ్బరి బోండాల బండిని మెల్లగా తాకింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏడు బోండాలు రోడ్డు మీద దొర్లాయి. అయితే ఆ సమయానికి అక్క డ్యూటీ దిగి, గొడుగు పట్టుకుని, గేటులో నిలబడి ఉంది. నేరుగా వచ్చి, తాళం తీసి తన చేతిసంచిలో వేసుకుంది.

ఆ తర్వాత రెండున్నర నెలలు ఆ తాళం ఆ సంచిలోనే ఉంది. పెదనాయన అడగలేదు. ప్రతి ఉదయం పాత పంచె ముక్కతో కారు తుడిచేవారు. తుడిచాక డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకునేవారట. పదకొండు సెకన్లయ్యాక ఇంజను వేయడానికి తాళం లేదు గనుక అక్కడే పేపరు చదువుకుని, దిగి, తలుపు మెల్లగా మూసి లోపలికి వచ్చేవారట. ఇదంతా నేను నాలుగు రోజుల సెలవు మీద మదనపల్లె వెళ్లినప్పుడు అక్క వంటింట్లో నాకు చెప్పింది. చెబుతూ ఉల్లిపాయ లేకుండానే కళ్లు తుడుచుకుంది.

"నువ్వు సదివింది ఇదే గదరా. ఒక దినం ఆయన్ను పిల్చుకోని పో. నడిపించి సూడు. నడపొచ్చంటే తాళం ఇచ్చేస్తా. వద్దంటే మాత్రం ఆ మాట నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

ఒక మనిషి ముప్పై ఒక్క యేళ్ల పనితనం ఉంటుందా పోతుందా అన్నది నా చేతిలో పెట్టారన్న భయం నాకు ఆ క్షణంలో కలిగి ఉండాలి. కలగలేదు. ఎన్ని పరీక్షలు చేయాలి, ఎంత వేగంలో చేయాలి, ఫలితాలు ఏ పట్టికలో రాయాలి అన్న ఆలోచనలు మాత్రం కలిగాయి. శనివారం సాయంత్రం వాకిట్లో, నిలబడి ఉన్న కారులో, ఆయనకు పాఠం మొదలుపెట్టాను. స్లేటు లేదు గనుక అద్దం మీది దుమ్ములో బొమ్మలు గీశాను. (అది ఆయన ఉదయమే తుడిచిన అద్దం, దుమ్ము కోసం వెనక అద్దం దాకా వెళ్లవలసి వచ్చింది.) తిరిగే చక్రానికీ జారే చక్రానికీ తేడా, ఘర్షణ, దాని గుణకం, అన్నీ చెప్పాను. ఆయన ఓపికగా విని, నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, "అంటే బిగుసుకున్న చక్రం మాట ఇనదు, తిరిగే చక్రం ఇంటాది. ఇదేగదా నా కాలు ఇన్నేండ్లూ సేసింది. ఇప్పుడా పని పెట్టె సేస్తాది, నువ్వు కాలు ఊరికే పెట్టుకోనుండు అంటాండావు," అన్నారు. నేను నలభై నిమిషాల్లో చెప్పినది అంతే. అయినా దాన్ని నా మాటల్లో ఇంకోసారి చెప్పి, గుర్తుండడానికి మూడు ముక్కలుగా చేసి ఇచ్చాను: తొక్కు, పట్టు, తిప్పు. గట్టిగా తొక్కినప్పుడు పెడలు కాలి కింద గడగడమని కొట్టుకుంటుందనీ, అది పెట్టె తన పని చేస్తున్న శబ్దమనీ, బెదరకూడదనీ, ఏమైనా సరే కాలు తీయకూడదనీ హెచ్చరించాను. తెలియనివాళ్లు అక్కడే బెదిరి కాలు తీసేస్తారని, చిన్న నవ్వు కూడా నవ్వాను. ఆ నవ్వు నాకు ఈనాటికీ గుర్తుంది.

సోమవారం పొద్దున్నే బయలుదేరాం. మదనపల్లె నుంచి పుంగనూరు దాకా ఆయన నడపాలి. అక్కడి నుంచి చౌడేపల్లె దారిలోకి తిరిగి, రద్దీ లేని నేరు రోడ్డు చూసుకుని పరీక్షలు పెట్టాలి. తిరిగి వచ్చి పలమనేరు మీదుగా కుప్పం చేరాలి. కుప్పంలో నేను దిగి, అక్కకు ఫోను చేసి తీర్పు చెప్పాలి. ఇది నా ప్రణాళిక. వెనక సీట్లో ముప్పై మీటర్ల కొలత టేపు, సుద్దముక్కలు, మార్కెట్టులో అడిగి తెచ్చిన ఒక ఖాళీ టమోటా క్రేటు ఉన్నాయి. అక్క తాళం తెచ్చి నా చేతికిచ్చింది. నేను దాన్ని ఆయన చేతికిచ్చాను. ఆయన ఆ తాళాన్ని ఎలా అందుకున్నారో చూసి ఉంటే టేపు ఇంట్లోనే వదిలేసేవాణ్ని. నేను ఓడోమీటరు అంకె రాసుకుంటున్నాను.

పుంగనూరులో ఒక టీ అంగడి ముందు ఆపారు. అంతదూరం ఆయన నడిపిన తీరులో కాగితం మీద పెట్టదగిన తప్పు ఒక్కటీ దొరకలేదు. టీ చల్లార్చుకుంటూ, గ్లాసులోకి చూస్తూ, నిదానంగా అడిగారు: "ఇంజనీరప్పా, ఒక మాట. కుప్పంలో దిగినాక నువ్వు నన్ను నడపొద్దంటే, బండిని మదనపల్లెకు యెవురు తెస్తారు?"

నేను జేబులోంచి ప్రణాళిక కాగితం తీసి చూశాను. అందులో ఆ గడి లేదు. నేను మరునాడు పొద్దున్నే డ్యూటీలో ఉండాలి. అక్కకు నడపడం ఇంకా బాగా రాదు. చూద్దాంలే పెదనాయనా అన్నాను. ఆయన టీ గ్లాసు కడిగి మరీ తిరిగి ఇచ్చారు.

చౌడేపల్లె దారిలో ఒకచోట రోడ్డు అరకిలోమీటరు దాకా గీత గీసినట్టు నేరుగా ఉంది. ఇరువైపులా కోతలయిపోయిన చేలు. మనిషి అలికిడి లేదు. రోడ్డు మధ్యన క్రేటు పెట్టి, దానికి ఇరవై మీటర్ల ముందు సుద్దతో అడ్డగీత గీశాను. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో రావాలి, గీత మీద బ్రేకు తొక్కాలి, పట్టాలి, స్టీరింగు తిప్పి క్రేటు పక్కనుంచి పోవాలి. దాన్ని ఆవు అనుకోమని చెప్పాను. ఆయన క్రేటును ఒకసారి చూసి, "ఆవయితే బండిని సూసి అదే పక్కకు పోతాది. ఇది పోదే," అన్నారు. నేను నవ్వలేదు. పరీక్షకులు నవ్వకూడదు. మొదటిసారి ఆయన కాలు బతిమాలింది. కారు క్రేటును రెండు మీటర్ల అరవై సెంటీమీటర్లు తోసుకుపోయింది. నేను రోడ్డు మీద కూర్చుని టేపు పరచి కొలిచాను. రెండోసారి ఆయన తొక్కు, పట్టు, తిప్పు అని పైకే అనుకుంటూ వచ్చారు. అయినా కాలు తనంతట తానే లేచింది. క్రేటుకు ఒక మూల విరిగింది. మూడోసారి కారు సుద్దగీత దాకా రానేలేదు. ఆయన చాలా ముందుగానే మెల్లగా వేగం తగ్గించి, గీతకు మూరెడు ఇవతల, పసిబిడ్డను పడుకోబెట్టినంత సుతారంగా ఆపారు. గట్టిగా తొక్కమన్నాను గదా అని నేను విసుక్కుంటే, "డబ్బా ఆడ ఉండాదని తెలిసినాంక గట్టిగా తొక్కే పనేముంది నాయనా?" అని అడిగారు. నిజానికి బ్రేకుల గురించి నా చెవిన పడిన వాక్యాలన్నిటిలోనూ అంతకంటే సరైనది ఇంకొకటి లేదు. నేను పట్టికలో మూడు వరుసలకూ ఎదురుగా 'తప్పాడు' అని రాశాను.

ఆయన నా చేతిలోని పెన్ను కదలడం చూశారు. దిగి, పక్క తలుపు తెరుచుకుని కూర్చుని, "అట్లయితే నువ్వు సూపీ. సూసి నేర్సుకుంటా," అన్నారు. అందులో ఎగతాళి లేదు; ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆ మాటతో నా కిటికీ ఇవతలి జీవితం ముగిసింది. కారును తిప్పుకోవడానికి కాస్త వెడల్పాటి చోటు చూసుకుందామని ముందుకు పోనిచ్చాను. నడిపేది నేనే గనుక యాభై కూడా దాటించాను. మలుపు తిరిగాం. మలుపు అవతల రోడ్డు లేదు.

రోడ్డు ఉండవలసిన చోట ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎండిన ఉలవ చెట్లు పరిచి ఉన్నాయి. మా వైపు చలికాలం చివర ఇది మామూలే: కోసిన పంటను తారురోడ్డు మీద పరుస్తారు, వచ్చిపోయే బండ్లు దాన్ని తొక్కితే కాయలు చిట్లి గింజలు రాలుతాయి, రోడ్డే కళ్లం, బస్సే బంతికట్టిన ఎద్దు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న దృశ్యమే. కాని నేను దాన్ని ఎప్పుడూ బస్సు కిటికీలోంచి చూశానే తప్ప స్టీరింగు వెనక నుంచి చూడలేదు. ఆ ఉలవల నడిమధ్యన, మాకు వీపు పెట్టి, చివర వంగిన కట్టెతో చెట్లను తిరగేస్తూ ఒక అవ్వ ఉంది. నేను బ్రేకు తొక్కాను. చాలా గట్టిగా, పుస్తకంలో చెప్పినట్టే తొక్కాను. మరుక్షణం నా అరికాలి కింద ఏదో ప్రాణి మేలుకున్నట్టు పెడలు గడగడగడమని తన్నింది. బ్రేకులు తయారుచేసే ఫ్యాక్టరీలో పరీక్షల విభాగపు ట్రెయినీనైన నేను, ఆ గడగడను కాగితం మీద గీతలుగా వేలసార్లు చూసి సంతకం చేసిన నేను, ఉలిక్కిపడి కాలు తీసేశాను.

కారు ఊపిరి వదిలినట్టు ముందుకు సాగింది. మళ్లీ తొక్కాను, మళ్లీ గడగడ, మళ్లీ కాలు లేచింది. కింద ఉలవ గింజలు బేరింగు గుండ్లలా దొర్లుతున్నాయి (వాటి మీద టైరుకు ఉండే ఘర్షణ గుణకం ఎంతో ఏ పుస్తకమూ ఇవ్వదు, ఎంతయినా అది చాలదని మాత్రం నేను సాక్ష్యమివ్వగలను). అప్పుడు నా ఎడమ చెవికి దగ్గరగా, అరుపు కాదు, గద్దింపు కాదు, నొప్పులు పడుతున్న మనిషితో మాట్లాడే గొంతు వినిపించింది.

"తియ్యొద్దు నాయనా. తొక్కు. పట్టు. అది కొట్టుకోనీ. ఇప్పుడు తిప్పు."

తొక్కాను. పట్టాను. పెడలు తన్నుతూనే ఉంది, నేను ఉంచుతూనే ఉన్నాను. ఎడమకు తిప్పాను. ఒక క్షణం స్టీరింగు ఎవరిదో అన్నట్టుగా ఉండి, తర్వాత కారు ముక్కు నెమ్మదిగా, నా మాట వింటున్నట్టు, ఎడమకు తిరిగింది. అవ్వ కుడివైపుగా వెనక్కి జరిగిపోయింది. రోడ్డు పక్కన ఇంకా పరచని ఉలవ చెట్లు కుప్ప వేసి ఉన్నాయి. కారు తిన్నగా అందులోకి దూరి, అద్దం నిండా గడ్డి కప్పుకుని ఆగింది. నా కాలు ఇంకా పెడలు మీదనే ఉంది. పెదనాయన చేయి చాపి ఇంజను ఆపి, నా మోకాలు మీద తట్టి, ఇంక తీయొచ్చన్నారు.

అవ్వ ఉన్నచోటు నుంచి ఒక్క అడుగు కదలలేదు. కట్టె మీద గడ్డం ఆనించి, మేము గడ్డి తోసుకుని దిగేదాకా చూసింది. "పొద్దన్నించి కాసుకోనుండాను, ఒక్క బండీ రాలేదు. వచ్చినోడివి పరిసింది ఇడిసిపెట్టి కుప్పలోకి దూరితివే. యాడ నేర్సుకుంటివప్పా నడిపేది?" అని నన్నే అడిగింది. పెదనాయన నా తరఫున, ఎంతో మర్యాదగా, "బ్రేకులు సేసే కంపెనీలో ఇంజనీరమ్మా," అన్నారు. అవ్వ నన్ను చెప్పుల నుంచి జేబులోని స్టీలు స్కేలు దాకా చూసి, "అందుకా నిలిసింది," అన్నది. అది మెచ్చుకోలో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆమె విధించిన జరిమానా వెంటనే తెలిసింది. చెదిరిన కుప్పను నేను మళ్లీ వేయాలి. రోడ్డు మీది ఉలవలను మా కారుతో తొక్కించి పోవాలి. పెదనాయన ఒప్పుకుని, ముందుగా నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరారు. నేను పగిలిందేమైనా చూస్తున్నారనుకున్నాను. ఆయన పిడికిళ్ల కొద్దీ గడ్డి లాగి బయట పడేస్తూ, "సైలెన్సరు కాలతా ఉంటాది. ఎండుగడ్డి సుట్టుకుంటే అంటుకుంటాది. బండి కాలిపోయినాంక నీ పెట్టె యాటికి?" అన్నారు. ఎగ్జాస్టు గొట్టం వేడి ఎంతో నేను డిగ్రీలతో సహా చెప్పగలను. కాని కిందికి చూడాలని మాత్రం నాకు తోచలేదు. ఆ తర్వాత గంటసేపు ఆయన ఉలవలు తొక్కించారు. ముందుకు పోయి, అంతే నేరుగా వెనక్కి వచ్చి, ప్రతి నాలుగు పోకలకూ దిగి కారు కింద చూసి, మళ్లీ ఎక్కి. అవ్వ మేస్త్రీలా నిలబడి, కుడిపక్క ఇంకా అణగలేదనీ, ఆ మూల వదిలేస్తున్నావనీ పురమాయిస్తూ ఉంది. ఆయన ఆమె చూపించిన జానెడు చోటు మీదికే చక్రం పట్టుకొస్తూ ఉన్నారు. ఇరవై రెండు పోకలు. (లెక్కపెట్టడం ఒక్కటే అప్పుడు నాకు మిగిలిన గౌరవప్రదమైన పని.) రెండున్నర నెలలుగా లేని వెలుగు ఆయన ముఖంలో చూశాను. పోయేటప్పుడు అవ్వ తువ్వాలు ముక్కలో ఉలవలు మూటకట్టి ఇచ్చింది. నాకు కాదు, ఆయనకు.

కుప్పం దాకా ఆయనే నడిపారు. నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు, అలా జరిగిపోయింది. వి.కోట దాటాక, ముందు పోతున్న టమోటాల వ్యాను పక్కనుంచి ఒక లేగదూడ తాడు తెంచుకుని మా ముందుకు దూకింది. నేను చెప్పడానికి నోరు తెరిచేలోగానే అయిపోయింది. ఆయన కాలు దిగింది; పెడలు గడగడమన్నది; కాలు లేవలేదు. కారు ముక్కు ఇంత పక్కకు తిరిగి, దూడ తోక ఆడిస్తూ పోయేంత సందిచ్చి, ఆగింది. తర్వాత, కొత్తగా పరిచయమైన మనిషి గురించి చెబుతున్నట్టు, "కొట్టుకుంటాండాది నాయనా. నాడి మాదిరి ఉండాది," అన్నారు. ఇంకాసేపటికి, "టేపు తీస్తావా?" అని అడిగారు. నేను తీయలేదు.

కుప్పం బస్టాండు దగ్గర దిగి అక్కకు ఫోను చేశాను. ఆయన కాస్త దూరంగా, నాకు వీపు పెట్టి, అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాన్ని తుడుస్తున్నారు. పట్టిక నా ఎదుట ఉంది: మూడు వరుసలు, మూడు తప్పులు. దాని కింద నాలుగో వరుస గీసి, 'లేగదూడ: నెగ్గాడు' అని రాశాను. అక్కడితో ఆగితే లెక్క కుదరదనిపించి, అయిదో వరుస కూడా గీసి, 'పరీక్షకుడు: తప్పాడు' అని రాశాను. అక్కతో మాత్రం ఒక్క మాటే అన్నాను, తాళం ఆయన దగ్గరే ఉండనీయమని. అవతల అక్క ముక్కు చీదిన చప్పుడు. నేను ఫోను పెట్టేసి ఎదురుగా వెళ్లి తల ఊపితే, ఆయన కారెక్కి, స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించారు. ఆ రోజు పదకొండు సెకన్లు కాదు. నేను లెక్క పెట్టలేదు గాని, చాలాసేపు.

ఉలవల సంగతి అక్కకు చెప్పకూడదని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. అవ్వ ఇచ్చిన మూటను పెదనాయన అంగట్లో కొన్నట్టు చెప్పి గట్టెక్కారు. అయితే రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం అక్క నుంచి నాకు ఫోను వచ్చింది. కారు ముందు అద్దం కింద, వైపర్లు ఉండే సందులో, పచ్చగా ఏవో మొక్కలు వచ్చాయట. పీకి చూస్తే ఉలవలట. "ఇంజనీరప్పా, బండిని రోడ్డు మీద నడిపినారా, సేన్లో నడిపినారా?" అని అడిగింది. పెదనాయన రోజూ నీళ్లు పట్టి అద్దం కడగడం వల్ల మొలకెత్తాయని సాంకేతిక కారణం వివరించబోయి, చివరికి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె నవ్వు ఆగేదాకా ఫోను చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత ఆయన ఆరేళ్లు ఆ కారు నడిపారు. ఒక ఉదయం ఎప్పటిలాగే తుడిచి, లోపలికి వచ్చి, తాళం అక్క చేతిసంచి పక్కన పెట్టి, కాలు నిదానమైపోయిందమ్మా అన్నారట. ఏ పట్టికా, ఏ సుద్దగీతా లేకుండా ఆయన తనకు తానే పెట్టుకున్న పరీక్ష అది. ఆయన పోయి ఇప్పటికి నాలుగేళ్లు. నేను ఇప్పుడు ఆ పరీక్షల విభాగానికే పెద్దను. కొత్తగా వచ్చే ట్రెయినీలను మొదటి వారం కిటికీ ఇవతల కూర్చోనివ్వను. ఖాళీ మైదానంలో, తడి నేల మీద, పాదం కింద ఆ గడగడను వాళ్లే వినేదాకా కాగితం ముట్టుకోనివ్వను. కొందరు ఉలిక్కిపడి కాలు తీసేస్తారు. వాళ్లకు నేను మార్కులు తగ్గించను.

మొన్నామధ్య మా అమ్మాయి, కొత్తగా లైసెన్సు వచ్చిన ఉత్సాహంలో, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మదనపల్లె నుంచి కుప్పం దాకా తానే నడిపింది. పుంగనూరు దాటాక ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. అమ్మాయి బ్రేకు తొక్కింది, పట్టింది, చక్కగా తప్పించింది; నేను ఒక్క మాటా అనలేదు. కొంతదూరం పోయాక ఆమె నా కాళ్ల వైపు చూసి, "నాయనా, ఆడ పెడలు లేదు," అన్నది. చూసుకుంటే నా కుడికాలు పక్కసీటు ముందరి చాపను నేలకు అదిమిపట్టి, బిగుసుకుని ఉంది. నలభై దాటిన మనిషిని, ఒక విభాగానికి పెద్దను, లేని బ్రేకును తొక్కుతూ దొరికిపోయాను. సిగ్గేసింది గాని, ఆ సిగ్గులోనే చిన్న సంతోషం కూడా కలిగింది. ఈసారి కాలు తీయలేదు.